ఇదే చివరిది, ఒట్టు

పక్షవాతం వచ్చినవాళ్ళకు మళ్ళీ మింగడం నేర్పించడం నా పని. అదే విషయం మీద మా అక్క యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి పరిశోధన చేసి, పెద్ద పత్రికలో వ్యాసం వేసింది. ఆసుపత్రిలో కూర్చుని దాన్ని తెరవబోతే చందా కట్టమంది. సొంత చెల్లెలికే దొరకని రాత రాసి ఎవరిని ఉద్ధరించినట్టు? ఒళ్ళు మండి, సెలవు పెట్టి, తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను.

"అడిగితే పంపేదాన్నిగా," అంది అక్క.

"నేను చెల్లెల్ని, అడుగుతా. నీ పేరే తెలియనివాళ్ళు ఎవర్ని అడుగుతారక్కా?"

అక్క ముఖం చిన్నబోయింది. "అచ్చయి రెండేళ్ళయింది. దాని గురించి ఒక్కళ్ళూ ఒక్క మాట అనలేదు. పనికిరాని పని చేశానేమో అనిపిస్తోంది," అంది.

బావ లెక్కల మాస్టారు. "పత్రికవాళ్ళకి రుసుము కడితే వాళ్ళే అందరికీ తెరుస్తారట. కట్టేద్దాం," అన్నాడు. రుసుమెంతో చూశాక ఆ 'కట్టేద్దాం' కాస్తా 'చూద్దాం' అయింది.

"చందా, రుసుము రెండూ లేని పత్రికలున్నాయి. వాటిలో వేయాల్సింది," అన్నాను.

"చేతులు కాలాక ఆకులు చూపించకు," అంది అక్క.

పట్టు వదలకుండా యూనివర్సిటీ లైబ్రేరియన్‌గారికి ఫోన్ చేశాను. "పత్రికవాళ్ళు ముస్తాబు చేసి అచ్చేసిన ప్రతి మీద హక్కు వాళ్ళది. దానికి ముందు, వ్యాసాన్ని పరిశీలించే సమీక్షకులు సరేనన్నాక మీ అక్కగారు పంపిన ప్రతిని మన లైబ్రరీ సైట్లో పెట్టుకోవచ్చు. ఆ పత్రిక ఒప్పుకుంటుంది, అచ్చయ్యాక కొన్నాళ్ళు ఆగమన్న గడువు కూడా తీరిపోయింది. పంపండి, ఇవాళే పెట్టేస్తా," అన్నాడాయన.

నా కాళ్ళు నేల మీద నిలవలేదు. తీరా అక్క కంప్యూటర్ తెరిస్తే అందులో ఆ వ్యాసం ప్రతులు 'చివరిది', 'అసలు చివరిది', 'ఇదే చివరిది, ఒట్టు' అని వరసగా ఉన్నాయి. ఆ తరవాత కూడా ఇంకో రెండు.

"మీ అక్క ఒట్టు తీసి గట్టు మీద పెట్టింది," అన్నాడు బావ.

సమీక్షకుడు పట్టుబట్టి రాయించిన పేరా ఉన్నదే మాకు కావాలి. తిట్టుకుంటూ రాసింది కనక అక్క దాన్ని ఇట్టే గుర్తుపట్టింది. పంపాం. భోజనాలవేళకల్లా వ్యాసం అందరికీ తెరుచుకుంది. మా వృత్తిలో నాకు తెలిసినవాళ్ళందరికీ లింకు పంపి, ముగ్గురం అన్నం చల్లారిపోతున్నా తెర ముందే కూర్చున్నాం.

సాయంత్రానికి ముక్కూ మొహం తెలియని ఒక థెరపిస్టు నుంచి మెయిలు వచ్చింది. "గడ్డం దించి మింగే బొమ్మ కింద తల ఎత్తే బొమ్మ వివరం పడింది. రెండూ తారుమారయ్యాయి, చూడండి. మా వార్డులో అందరం కూర్చుని చదువుతుంటే తెలిసింది."

గబగబా తెరిచి చూశాను, నిజమే. పత్రికలో అచ్చయిన ప్రతి తీసి చూస్తే అక్కడా అదే తప్పు. అక్క వెంటనే బొమ్మలు సరిచేసి లైబ్రేరియన్‌గారికి పంపింది, పత్రికకూ రాసింది. అప్పుడు మావైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"రెండేళ్ళుగా ఆ తప్పు అలాగే ఉందే. ఇవాళ పట్టుకున్నారు," అంది. "అంటే చదివారు. బొమ్మల కింద అక్షరాల దాకా చదివారు."

ఆ మెయిలును బావకు మళ్ళీ మొదటినుంచి చదివి వినిపించింది.