రెండు మూరల దూరం

నేను ఒక వేపబల్లను. ఆ ఆదివారం ఉదయం ఆ ఇంట్లో గొడవ నా గురించే జరుగుతోంది.

"ముందు దాన్ని ఇంట్లోంచి అవతల పారెయ్యమ్మే," అని ఆదెమ్మ ఇందాకటి నుంచీ అంటోంది.

"ఎక్కడ పారేయమంటారత్తయ్యా? రేపు పాఠానికి కావాలి," అంది స్వరూపరాణి. పాత చీర ముక్కతో నా గాడిలో దుమ్ము తుడుస్తోంది.

"పాఠం బళ్లో చెప్పుకో. ఇంట్లో ఆ గోలీ చప్పుడేంది? నీ మొగుడు లోపల గోడవైపు తిరిగి పడుకోని ఉన్నాడు. ఆ గోలీ ఎవురిచ్చిందో తెలీదా నీకు?"

"తెలుసు."

"తెలిసీ దొర్లిస్తన్నావా? ఇనప గుండేనే నీది!"

"పిల్లలకి చూపించే ముందు నేనోసారి ఇంట్లో చేసుకుంటాను. ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నారుగా."

"ఇన్నేళ్లూ నా కొడుకు మీద కేసు లేదు."

ఆ మాటతో స్వరూపరాణి చెయ్యి నా మీద ఆగిపోయింది.

ఆదెమ్మకు నా మీద కోపం కొత్తది కాదు. ఎందుకంటే మొదట నేను ఆమె మంచం పట్టెను. ఆమె నా పక్కనే పురుళ్లు పోసుకుంది, నా మీద తల ఆనించి మొగుడి కోసం ఏడ్చింది. మంచం కోడు విరిగినప్పుడు మిగతా కర్ర పొయ్యిలోకి పోయింది. నన్ను మాత్రం కోడలు వడ్రంగి దగ్గరికి పంపింది. అతను పొడుగునా గాడి తీస్తూ, "ఎందుకమ్మా ఇది? నీళ్లు పోయేదానికా?" అని అడిగాడు. గోలీ దొర్లడానికి అని చెబితే పని ఆపి మరీ నవ్వాడు. చదువుకున్న టీచరమ్మకు ఈ వయసులో ఇదేం సరదా అనుకుని ఉంటాడు. మనుషులు ఏ వస్తువునైనా రెండు పనులకే పుట్టిందనుకుంటారు, పడుకోవడానికి గానీ వండుకోవడానికి గానీ.

గోలీ కాలేషా ఇచ్చాడు. స్వరూపరాణి భర్త కోటిలింగం ప్రైవేటు బస్సు డ్రైవరు. ఆ బస్సుల షెడ్డులో మెకానిక్కు కాలేషా. అరిగిపోయిన బేరింగు లోంచి ఉక్కుగుండు ఒకటి ఊడదీసి, కిరసనాయిలుతో తుడిచి, "వదినమ్మకియ్యన్నా. వంట మానేసి గోలీలాడుకుంటది," అని కోటిలింగం జేబులో వేశాడట. రంజాను నాడు సేమ్యా పాయసం గిన్నె కూడా వాళ్లింటి నుంచే వచ్చేది.

తొమ్మిదో తరగతిలో నా పని ఇది. ఒక కొసన నా కింద ఇటుక పెట్టి, నన్ను కొంచెం వాలుగా నిలిపేవాళ్లు. గాడికి అడ్డంగా సన్నటి తీగలు కట్టేవాళ్లు. పై తీగలు దగ్గరదగ్గరగా, కిందకి వచ్చేకొద్దీ దూరం దూరంగా. గోలీ వదిలితే తీగ తగిలినప్పుడల్లా టక్కుమనేది. అలా టక్కుమన్నప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. తీగలు ఎంతెంత ఎడంగా ఉన్నా చప్పట్లు మాత్రం ఒకే లయలో పడేవి.

"తీగల మధ్య దూరం పెరుగుతోంది. పట్టే సమయం పెరగడం లేదు. అంటే గోలీకి ఏమవుతున్నట్టు?" అని స్వరూపరాణి అడిగేది.

"స్పీడైపోతంది టీచర్!"

"ఒకసారి అయి ఊరుకుంటోందా, అవుతూనే ఉందా?"

"అవతానే ఉంది!"

"ఆ అవుతూనే ఉండటానికే త్వరణం అని పేరు. ఇప్పుడు రాసుకోండి."

దూరానికీ స్థానభ్రంశానికీ తేడా చెప్పేటప్పుడు మాత్రం మొగుణ్ణి వాడుకునేది. ఒకాయన రోజంతా బస్సు తోలి, మళ్లీ అదే షెడ్డుకొస్తాడు, తిరిగిన దూరం బోలెడు, స్థానభ్రంశం సున్నా అనేది. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే కోటిలింగం, "సున్నా అయితే అయింది, వచ్చే జీతం నీ అట్లపిండికి సరిపోతంది గదా," అని నవ్వేవాడు.

చివర్లో జంపఖానా పాఠం. నా కిందికొస ముందు నేల మీద జంపఖానా పరిచేవాళ్లు. అది బ్రేకు వేసిన రోడ్డు. నా మీద సుద్దతో రెండు గీతలు ఉండేవి. కింది గీత దగ్గర వదిలిన గోలీ జంపఖానా మీద మూరెడు దూరం పోయి ఆగేది. "పై గీత నుంచి వదిలితే దీనికి రెట్టింపు వడితో దిగుతుంది. ఎంత దూరంలో ఆగుతుంది?" అని అడిగేది. ఏ ఏడు పిల్లలైనా ఒక్క గొంతుతో "రెండు మూరలు!" అనేవాళ్లు. వడి రెట్టింపైతే ఆగే దూరమూ రెట్టింపే కదా అని వాళ్ల ధీమా. గోలీ వాళ్ల రెండు మూరల్నీ దాటి, నాలుగో మూర దాకా పోయి ఆగేది. తరగతి అంతా ఒక్కసారి నోరు తెరిచేది. ఆ క్షణం కోసం నేనూ ఎదురుచూసేదాన్ని.

ఈ ఏడు ఆ పాఠం జరగలేదు.

వేసవి చివర, ఊరి మలుపులో, గడ్డిమోపుతో రోడ్డు దాటుతున్న ఒక ముసలమ్మను కోటిలింగం బస్సు కొట్టింది. ఆమె అక్కడే పోయింది. "బ్రేకు తొక్కా. పడలా," అన్నాడు కోటిలింగం. ఇంట్లో అన్నాడు, పోలీసులతో అన్నాడు, అన్నం ముందు కూర్చుని ఎవరూ అడక్కుండానే అన్నాడు. బస్సు యజమాని ఆ మాట పట్టుకున్నాడు. కోటిలింగం మీద కేసుతో పాటు, బ్రేకులు సరిగ్గా చూడలేదని కాలేషా మీదా కేసు పడింది. అతణ్ణి ఇంకే షెడ్డులోనూ పనిలోకి రానివ్వడం లేదు. సోమవారం కోటిలింగం స్టేషనులో అదే మాట సంతకం పెట్టి చెప్పాలి.

ప్రమాదం మర్నాడు స్వరూపరాణి ఆ మలుపు దగ్గరికి వెళ్లివచ్చింది. ఇంట్లో ఏమీ చెప్పలేదు. బడి తెరిచాక నన్ను తుడుస్తూ మాత్రం ఒక మాట అనుకుంది. "బ్రేకు చక్రాల్ని పట్టకపోతే రోడ్డు మీద అంత పొడుగు నల్లచారలు ఎట్లా పడతాయి?" తర్వాత వానలకూ లారీలకూ ఆ చారలు చెరిగిపోయి ఉంటాయి. ఆమె ముఖంలో మాత్రం చెరగలేదు.

ఇక ఆ ఆదివారం. తీగలు సరిచూడటం అయిపోగానే స్వరూపరాణి నన్ను గోడకు చేర్చబోయింది. తొమ్మిదో తరగతే చదువుతున్న కూతురు హిమబిందు అడ్డుపడింది.

"జంపఖానా పరవవేంటమ్మా? పై తరగతి అక్కలందరూ అదే బాగుంటదన్నారు."

"ఈసారి వద్దులే."

"ఎందుకొద్దు?"

సమాధానం వచ్చేలోపే పిల్ల జంపఖానా తెచ్చి పరిచేసింది. సుద్దగీతలూ గీసింది. వడి గురించి, ఆగే దూరం గురించి వాళ్లమ్మలాగే గట్టిగా చెప్పుకుంటోంది. లోపలి గదిలో మంచం కిర్రుమంది. కోటిలింగం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది.

"ఇటియ్యి," అన్నాడు.

కింది గీత దగ్గర గోలీ పెట్టి వదిలాడు. మూరెడు పోయి ఆగింది. తలాడించాడు. పొయ్యి గట్టు మీద అగ్గిపెట్టె తెచ్చి, చేత్తో కొలిచి, రెండు మూరల దూరంలో నిలువుగా నిలబెట్టాడు.

"ఆ రోజు నేను మామూలుకి రెట్టింపు స్పీడులో వస్తన్నా. నిజవే, కాదన్ను. అందుకే ఇంకా రెట్టింపు దూరం ఉండగానే బ్రేకు తొక్కా. ఎప్పుడూ నా లెక్క అదే. ఆగాల గదా? ఆగలేదంటే బ్రేకు పోయినట్టే గదా?"

అతను చూస్తున్నది భార్య వైపు. ఆమె తల ఎత్తలేదు.

పై గీత దగ్గర వదిలాడు. గోలీ నా మీదుగా టకటకమంటూ దిగి, జంపఖానా మీదికి పోయి, అగ్గిపెట్టెను పడగొట్టి, ఆగకుండా ముందుకు పోయింది.

"జంపఖానా ముడతలు పడింది," అన్నాడు కోటిలింగం. రెండు చేతులతో సాపు చేశాడు. మళ్లీ నిలబెట్టాడు, మళ్లీ వదిలాడు. అగ్గిపెట్టె మళ్లీ పడింది. ఇటుక సరిచేశాడు. పడింది. గోలీని చొక్కా అంచుతో తుడిచి వదిలాడు. పడింది.

"జంపఖానా అదే నాన్నా," అంది హిమబిందు ఓదార్పుగా. "వదిలిన చోటే మారింది. అందరూ ముందు రెండు మూరలనే చెబుతారంట. అమ్మ ఎవర్నీ ఏమనదులే."

కోటిలింగం పడిన అగ్గిపెట్టెను చేతిలోకి తీసుకున్నాడు.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు భార్యతో.

"చారలు చూసినప్పటి నుంచీ," అంది స్వరూపరాణి.

"మరి చెప్పలేదేం?"

"మిమ్మల్ని తీసుకుపోతారని."

ఇప్పుడు నేను బడి సామాన్ల గదిలో, విరిగిన బెంచీల వెనక నిలబడి ఉన్నాను. స్వరూపరాణికి బదిలీ అయింది. కొత్త మాస్టారు గోడమీది తెరలో బొమ్మలు చూపించి త్వరణం చెబుతాడు. ఆ బొమ్మల గోలీకి చప్పుడు లేదు. నా గాడిలో చెద చేరింది, తీగలు తుప్పు పట్టాయి. కింది గీత ఎక్కడుండేదో నాకే గుర్తులేదు. ఆ ఆదివారం సాయంత్రం మాత్రం మరవలేదు. నన్ను గోడకు ఆనించి అందరూ అన్నాలకు కూర్చున్నారు. ఎవరూ కంచంలో చెయ్యి పెట్టలేదు.

కోటిలింగం అగ్గిపెట్టెను తెచ్చిన చోటనే పెట్టి వచ్చాడు. తల్లి ఎదురుగా కూర్చుని, రోజూ మాట్లాడే గొంతుతోనే చెప్పాడు.

"రేపు పొద్దున కాలేషా ఇంటికి పోతన్నా. అతన్ని ఎంటబెట్టుకోని స్టేషనుకి పోతా. బ్రేకు పడిందని చెప్తా."

"ఒరే లింగం, జైల్లో ఏస్తార్రా నిన్ను," అంది ఆదెమ్మ.

"ఏస్తారమ్మా," అన్నాడు కోటిలింగం. "అన్నం తిను. బిందూ, ఆ గోలీ జాగర్త. అది కాలేషా బాబాయిది."