ముందు కుప్పలు, తర్వాత డబ్బాలు

అది రెండో వరద వచ్చిన ఏడు. మొదటి వరద బస్టాండు గడియారం దాకా ఎగబాకి, వచ్చిన దారినే పోయింది. రెండోది అంత ఎత్తు రాలేదు గానీ, వచ్చిన నీరు కదల్లేదు.

చొక్కా అంచుతో కంప్యూటరు తుడిచి ఆయన కూర్చున్నాడు. వరద సహాయ కేంద్రంలో అందరూ ఆయన్ని నిదానం అంటారు. బక్కపలచటి మనిషి, ముందుకు వంగిన మెడ. చొక్కా గుండీ ఒకటి దారానికి వేలాడుతోంది. ఏమీ తోచనప్పుడు దాన్ని తడుముకుంటాడు. ఎన్నేళ్లుగానో ఆఫీసుల కోసం ప్రోగ్రాములు రాశాడు. అవి నడిచినంతకాలం ఆయన ఎవరికీ గుర్తురాడు.

పక్క బల్ల దగ్గర ఫోనక్క. నీళ్లలో చిక్కుకున్నవాళ్లు ఫోను చేస్తే, తెర మీద నొక్కగానే కిందికి జారే జాబితాలో వాళ్ల వీధిని ఎంచుకోవడం ఆమె పని. అది వెంటనే రేవులో పడవవాళ్ల సెల్లుకి పోతుంది. ఊళ్లోని వీధులూ సహాయ శిబిరాలూ అన్నీ ఆ జాబితాలో ఒకే బారున ఉన్నాయి.

"కిందికి లాగీ లాగీ వేలు అరిగిపోతోంది నిదానం! సంతవీధులే మూడున్నాయి. ఏది ఏ వార్డుదో నాకు కలొస్తుందా?"

అంతలో పడవవాళ్ల నుంచి ఫోను. "అమ్మా, సంతవీధికొచ్చాం. ఇక్కడ మోకాలు కూడా తడవలేదు. పడవ మోసుకొచ్చామని జనం నవ్వుతున్నారు."

"అయ్యో, నేను పంపింది ఏటి వార్డు సంతవీధికి నాయనా! మీరు మెట్ట వార్డుకి పోయారు."

"మాకు సంతవీధనే వచ్చింది. పొద్దుట్నుంచి అన్ని పడవలదీ ఇదే గోల. డీజిలంతా ఇలాగే తగలేస్తే ఎలా? రేవుకి తిరిగొచ్చేస్తున్నాం, ఇక వార్డు రాసి పంపితేనే తాళ్లు విప్పుతాం."

నిదానం చెయ్యి గుండీ మీదికి పోయింది. ఏటి వార్డు సంతవీధిలో డాబా మీదున్న వాళ్లలో ఆయన అక్క ఉంది. అమ్మ పోయాక, కుట్టుమిషను తొక్కి ఆయన్ని చదివించిన అక్క. సాయంత్రం ఆనకట్ట తలుపులు ఎత్తుతారట, నీళ్లు ఇంకా లేస్తాయి. అక్క సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

"వీధుల పక్కన వార్డు పేర్లు చేత్తో టైపు కొట్టెయ్యవయ్యా!" అన్నాడు టీ తాగుతున్న కేంద్రం ఆఫీసరు.

"పూటపూటకీ కొత్త శిబిరం చేరుతోంది సార్. ఎన్నని కొడతాం? పట్టికలో చేర్చింది తనంతట తనే దాని వార్డు కిందికి రావాలి."

సర్వరు పట్టికలోంచి వీధుల్ని ఒక్కొక్కటే తెస్తుంది. వార్డు మారినప్పుడల్లా పాత శీర్షిక మూసి కొత్తది తెరవమని ఆయన రాశాడు. జాబితా నొక్కాడు.

ఏటి వార్డు, కింద ఒక వీధి. మెట్ట వార్డు, కింద ఒక వీధి. మళ్లీ ఏటి వార్డు. మళ్లీ మెట్ట వార్డు.

"ఇదేంటయ్యా, వెంట్రుకకో టోపీ పెట్టినట్టుంది!" అంది ఫోనక్క.

ఆయన గుండీ తడుముకున్నాడు. చిన్నప్పుడు గుండీలు సర్దుతుంటే అక్క వేసిన మొట్టికాయ ఒకటి నెత్తిన చురుక్కుమంది. 'చేతికొచ్చిన గుండీకల్లా కొత్త డబ్బా తీస్తావేంట్రా! ముందు కుప్పలు పెట్టు, తర్వాత డబ్బాలు తియ్యి.'

"కుప్పలు!" అని అరిచాడు. నిదానం అరవగా అంతకుముందు ఎవరూ విననేలేదు. ఆఫీసరు చేతిలో టీ తొణికింది.

వీధులు పట్టికలో ఎక్కించిన వరసలోనే వస్తున్నాయి, కలగాపులగంగా. తెచ్చేటప్పుడే ఒక వార్డువన్నీ ఒకచోట చేర్చి తెమ్మని ఒక్క ముక్క కలిపాడు. పడవలకు పోయే కబురులో వీధికి ముందు వార్డు పెట్టాడు. మళ్లీ నొక్కాడు. ఒక్కో వార్డు ఒక్కసారే, లావు అక్షరాలతో. కింద దాని వీధులు, బుద్ధిగా.

ఫోనక్క కుర్చీలోంచి ఎగిరి లేచింది. ఏటి వార్డు, సంతవీధి. నొక్కింది.

"వచ్చింది! విప్పండ్రా తాళ్లు!" ఫోనులో పడవాయన కేక. కిటికీ అవతల రేవులో ఇంజన్లన్నీ ఒక్కసారిగా భగ్గుమన్నాయి.

ఆనకట్ట తలుపులు ఎత్తకముందే అక్క తడి బట్టలతో గుమ్మంలో నిలబడింది. చంకలో రేకు డబ్బా.

"ఇల్లు?" అన్నాడు.

"వెనక గోడ పోయింది. మిషను దాని కింద." అని ఆయన చొక్కా వంక చూసి ఫక్కున నవ్వింది. "నీ గుండీకి మాత్రం వరదలోనూ దిక్కులేదు కదరా!"

డబ్బాలోంచి సూది తీసి, ఆయన్ని నిలబెట్టే కుట్టి, దారం పళ్లతో తెంపింది. బయట అక్క కూతురు వ్యాను తెచ్చి ఎదురుచూస్తోంది.

"ఇక దాని దగ్గరే ఉంటాలేరా. కళ్లు కూడా ఆనడం లేదు. ఈ డబ్బా నువ్వుంచు."

మధ్యాహ్నం తను చేసిందంతా చెప్పాలనుకున్నాడు. "చేరాక ఫోను చెయ్యక్కా" అన్నాడు. వ్యాను మలుపు తిరిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన అందరికంటే ముందు వచ్చాడు. పట్టికలో కొత్త శిబిరాన్ని చేర్చి, రాసిన ప్రోగ్రాము ముట్టుకోకుండా జాబితా నొక్కాడు. అది తన వార్డు కింద తనే వచ్చి కూర్చుంది. ఊరికే, చూసుకోవడానికి, ఇంకోసారి నొక్కాడు. అక్క డబ్బాని బల్ల మీద ఫోను పక్కన పెట్టాడు. అంచులు తుప్పు పట్టిన డబ్బా, సొట్టపడ్డ మూత. ఫోను మోగింది, బల్ల అదిరింది, లోపల గుండీలు సన్నగా గలగలమన్నాయి.