నొప్పి లేని పంటికి సిమెంటు

దత్తాత్రికి నొప్పి ఒక్క పంటికే. సిమెంటు పెట్టింది మాత్రం రెండింటికి. భవాని పేట్‌లో ఆటో దిగి ఇంటికి నడుస్తున్నంతసేపూ దానికి సంతోషించాలో లేదో అతనికి అంతు చిక్కలేదు.

నొప్పి పుట్టింది కుడివైపు దవడ పంటికి. పదిహేను రోజులు లవంగం, మరో పది రోజులు ఉప్పునీళ్ళు, అలా చల్లనీళ్ళు తగిలితే గిలగిల్లాడే దాకా తెచ్చుకుని, చివరికి భార్య సరోజ పోరు పడలేక హోట్గి రోడ్డులోని శ్రావణి దవాఖానకు వెళ్ళాడు. శ్రావణి పరాయిది కాదు. పక్కింటి వాసుదేవ్ కూతురు, మగ్గాల చప్పుడులోనే చదువుకుని పళ్ళ డాక్టరైన పిల్ల. వాసుదేవూ దత్తాత్రీ ముప్పై ఏళ్ళు ఒకే కార్ఖానాలో పక్కపక్కన నిలబడి టవళ్ళు నేశారు.

శ్రావణి సూది వేసింది, పుచ్చు తొలిచింది, సిమెంటు నింపి నీలం లైటు చూపించింది. అయిపోయిందని అతను లేవబోతుంటే భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

“ఇంగోటి ఉన్నది కాకా. నోరు ముయ్యకు.”

అది నొప్పి పెట్టడం లేదని చెబుదామంటే నోటినిండా దూది. మొద్దుబారిన నాలుక ఎటు తిరుగుతోందో అతనికే తెలియదు. కాసేపటికి ఆమె అద్దం చేతికిచ్చింది. పై పలువరసలో ముందు పంటికి ఉండే గాటు మాయమైంది.

“చిన్నప్పటి సంది సూస్తున్న ఆ గాటు. ఇది నా తరఫున. ఇగ ఫొటోల నోరు దాస్కోకు,” అంది. ఆ మాట అంటున్నప్పుడు పిల్ల కళ్ళు చెమర్చాయి. దత్తాత్రి అద్దం తిరిగిచ్చేశాడు.

తరువాత జాగ్రత్తలు చెప్పింది. “మొద్దు దిగేదాక ఏం తినకు, పెదవి కొరుక్కుంటవ్. రెండు మూడు దినాలు చల్లటిది తగిల్తె జివ్వుమంటది, భయపడకు. పళ్ళు మూస్తె ఎత్తుగ తగుల్తుందనిపిస్తె రా, అరగదీస్త. ముందటి పన్నుతోని గట్టియి కొరకకు.”

అతను అన్నిటికీ తలూపాడు. తలకెక్కింది సగమే. సిమెంటు గురించి అతనికి తెలిసిందల్లా ఇల్లు కట్టినప్పుడు నేర్చుకున్నదే. కొత్త సిమెంటుకు నీళ్ళు కొట్టకపోతే పగులుతుంది. అందుకని రెండు రోజులపాటు అరగంటకోసారి చెంబు పట్టుకుని పుక్కిలించాడు. గడపలో బీడీలు చుడుతున్న సరోజ చూసి చూసి, “ఏందయ్యా, అది నోరా, స్లాబా?” అని అడిగింది.

మూడో రోజు కార్ఖానాకు వెళ్ళాడు. అసలు అయోమయం అక్కడ మొదలైంది.

దత్తాత్రి చూసేవి నాలుగు మగ్గాలు. పోగు తెగితే ఆ ఒక్క మగ్గం ఆపాలి. మెడలో వేసుకున్న నూలు కట్టలోంచి ఒక పోగు లాగి, వంగి, తెగిన కొసకు ముడి వేసి, మిగిలిన తోకను పంటితో టక్కున తెంపాలి. రెండు చేతులూ ముడికే సరి. తెంపేది పన్నే. అలా తెంపి తెంపి పడిన గాటే అది. పోగు తనంతట తాను వెళ్ళి అందులో కూర్చునేది.

ఇప్పుడు పోగు పంటి మీద జారిపోతోంది. మొద్దు ఇంకా దిగలేదేమో అనుకున్నాడు. కాదు, నూలు మారిందేమో అనుకుని కొత్త కట్ట వేసుకున్నాడు. అదీ జారింది. పొడుగు తోకలు పక్క పోగులకు చుట్టుకుని, ఒకటి అతికితే రెండు తెగాయి. మధ్యాహ్నానికి నాలుగింటిలో మూడు మగ్గాలు ఆగిపోయాయి. తన చేతి పని తనకే మరుపొచ్చిందా అని అతనికి భయం పట్టుకుంది.

సెలవు నాడు వాసుదేవ్ దగ్గరికి వెళ్ళాడు. వాసుదేవ్ దీపావళి తరువాత కళ్ళు కనబడటం లేదని మగ్గాలు వదిలేసి, అదే కార్ఖానా వెనక గదిలో టవళ్ళు మడత పెడుతున్నాడు. అంత నేతగాడు మడతలకు దిగాడేమిటని అందరూ బాధపడ్డారు. ఇప్పుడు చూస్తే అరుగు మీద కూర్చుని, అద్దాలు లేకుండా మరాఠీ పేపర్లో సన్న అక్షరాలు చదువుకుంటున్నాడు.

దత్తాత్రి నోరు తెరిచి చూపించాడు.

“నీక్గూడ పెట్టిందా,” అన్నాడు వాసుదేవ్. అతని ముందు పళ్ళు కూడా గీత గీసినట్టు సమంగా ఉన్నాయి.

“మరి నీ కండ్లు?”

“కండ్లు బరోబరే ఉన్నయి, అది సాకు. దీపావళికి దవాఖాన తెరిచిన దినం మొదటి పేషంట్‌ని నేనే. నా నోట్లె చూసి ఏడ్చింది. సిమెంటు పెట్టి నవ్వింది. ఇగ తీసెయ్యి బిడ్డా అని ఎట్లంటరా?”

“కత్తెర పట్టుకుంటే అయిపోతుండె గద.”

“పట్టుకున్న. ఒక చెయ్యి కత్తెరకిస్తే ముడెవడేస్తడు? ఆమెకు చెప్పకు దత్తూ. నా మీద ఒట్టు.”

మింగలేక కక్కలేక అంటారే, దత్తాత్రి పరిస్థితి అదే అయింది. చెబితే స్నేహితుడి ఒట్టు పోతుంది. చెప్పకపోతే తనూ మడతల గదికే. ఏం చేయాలో తోచక, ఉన్న బలమంతా పెట్టి పోగులు కొరికాడు. ఆరో రోజు సిమెంటు ముక్క ఊడి నాలుక మీద పడింది.

మగ్గాలు పక్కవాడికి అప్పజెప్పి, ఉన్నపళంగా హోట్గి రోడ్డుకు పరిగెత్తాడు. శ్రావణి కుర్చీలో కూర్చోబెట్టి లైటు వేసింది.

“ఏం కొరికినవ్ కాకా?”

దత్తాత్రి తల అడ్డంగా ఊపాడు, తరువాత నిలువుగా ఊపాడు. ఒట్టు గుర్తుంది గానీ మెడలోని పోగుల కట్ట తీసి రావాలని గుర్తు లేదు. శ్రావణి చూపు దాని మీద పడింది. ఒక పోగు లాగి, ముక్క ఊడిన చోట ఆనించింది. పోగు చక్కగా అందులో కూర్చుంది.

తండ్రి పంటికి ఆమె పూడ్చిందీ ఇలాంటి గాటే.

“దీనికి ఇగ ఏం పెట్టను కాకా. అంచులు నున్నగ జేసి ఇడిసిపెడ్త,” అంది. చిన్న అద్దం అతని నోట్లో పెట్టింది. చెయ్యి మాత్రం కదల్లేదు. “కాకా, మా నాయన కండ్లు మంచిగనే ఉన్నయి గద?”

అద్దం నోట్లో ఉండగా దత్తాత్రి అవుననలేడు, కాదనలేడు. ఒట్టు నిలబడింది గానీ కళ్ళ నీళ్ళు ఆగలేదు.

శ్రావణి అద్దం తీసేసి ముఖం పక్కకు తిప్పుకుంది.

“రేపు నాయనను ఈ కుర్చీకే తోల్కరా కాకా,” అంది. “కండ్లు చూపిచ్చుకునేటందుకని చెప్పు.”