పది నిమిషాల నురగ

బెల్లు ఒకసారి మోగితే అత్తగారు. రెండుసార్లు మోగితే మా ఆయన.

ఇల్లు పైన, కుక్కల ఆసుపత్రి కింద. మధ్యలో పద్దెనిమిది మెట్లు. బెల్లును సరిగ్గా నా మైక్రోస్కోపు బల్ల పైన గోడకు బిగించారు. "ఇంకెక్కడ పెట్టినా నీకు వినపడదు" అన్నాడు మా ఆయన, బిగించిన రోజున. పదకొండేళ్ళయింది. వినపడకపోవడమనే సుఖం నాకు మళ్ళీ దక్కలేదు.

ఆ ఉదయం ఒక స్లైడును రంగులో ముంచి, కుళాయి కింద కడిగి ఆరబెట్టాను. బెల్లు ఒకసారి మోగింది. పైకి పరిగెత్తాను. అత్తగారి కళ్ళజోడు మంచం కింద పడింది. తీసిచ్చాను. "చేతులు కడుక్కునే ముట్టుకున్నావా? కుక్క కంపు" అందావిడ. కిందికొచ్చేసరికి స్లైడు ఆరిపోయింది. మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను.

చూడకపోయుంటే బాగుండేది.

ఊదారంగు చుక్కలు. జంటలుగా, గుత్తులుగా. వాటిని మింగబోయి తామే చితికిపోయిన తెల్లకణాలు. మూడు నెలలుగా అదే కుక్క, అవే క్రిములు. మూడు విడతలు ఒకే మందు మింగిన కుక్క ఒంటిమీద అవి ఇంత నిశ్చింతగా కాపురం చేస్తున్నాయంటే, ఆ మందుకు లొంగడం మానేశాయన్నమాట. ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసి ఉంటే ఈ కథ రాసేదాన్ని కాదు. రెండు నెలల ముందే తెలుసు.

కుక్కను అందరూ దొరగారు అంటారు. దాన్ని పెంచే, బట్టలు కుట్టే ఆవిడ పెట్టిన పేరు. ఏడేళ్ళ లావుపాటి గోధుమరంగు కుక్క. కొలతలు ఇవ్వడానికి ఎవరొచ్చినా లేవదు, తోకతో నేలమీద రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంటుంది. "కుర్చీలో కూర్చోలేదు గానీ, మిగతా అన్నీ దొరతనమే" అంటుందావిడ. మొదటిసారి తెచ్చినప్పుడు దాని పొట్టమీద చిన్న చీము పొక్కులు, అవి చిట్లిన చోట ఉంగరాల్లా పొట్టు లేచిన మచ్చలు. గజ్జి అనుకుని వణికిపోతూ వచ్చింది. చర్మం గీకి చూశాను, గజ్జి పురుగు లేదు. పొక్కు మీద స్లైడు అద్ది చూశాను. మామూలు చర్మం మీద ఉండే క్రిమే, ఏదో సందు దొరికి పెచ్చుమీరింది. భయం లేదన్నాను. మా ఆయన లోపలి గదిలో చీటీ రాశాడు. క్రిములకు గొట్టం మాత్రలు, దురదకు తెల్లమాత్ర, ఒంటికి మందు షాంపూ.

మేమిద్దరం ఒకే ఏడాది ఒకే పట్టా పుచ్చుకున్న డాక్టర్లం. ఇది ఇప్పుడు చెప్పడానికి కూడా నాకు కాస్త మొహమాటంగానే ఉంది. బోర్డు మీద ఆయన పేరే ఉంది. "రెండు పేర్లుంటే జనం తికమక పడతారు" అన్నాడు. లోపలి గది ఆయనది, సింకు ఉన్న గది నాది. గీకడం, అద్దడం, బొచ్చు కత్తిరించడం, కడగడం నా పనులు. ఇంటికెవరైనా వస్తే, "మా ఆవిడకు మనుషుల మొహాలకంటే క్రిముల మొహాలే బాగా గుర్తుంటాయి" అంటాడు. నవ్వుతారు. నేనూ నవ్వుతూ టీ కప్పులు తెస్తాను. నేను చూసింది చీటీ వెనక పెన్సిల్‌తో రాస్తాను, ముందువైపు ఆయన పెన్నుతో రాస్తాడు. పెన్సిల్ ఎందుకో ఎవరూ చెప్పలేదు. నాకే అలా అలవాటైంది.

షాంపూ పెద్ద డబ్బాలో వస్తుంది. దాన్ని చిన్న సీసాల్లోకి నేనే పోస్తాను. వాటిమీద కాగితం ఉండదు. ఎలా వాడాలో నోటితో చెప్పాలి. అదీ నా పనే. ఆ మొదటి రోజు సీసా ఆవిడ చేతిలో పెట్టి, "ఒళ్ళంతా తడిపి, ఇది పోసి, నురగొచ్చేలా రుద్ది..." అన్నాను. బెల్లు మోగింది. ఒకసారి.

"రుద్ది కడిగెయ్యాలా అమ్మా?"

"ఆఁ, ఆఁ" అంటూ మెట్లెక్కాను. మధ్యాహ్నానికి ఏం వండుతున్నానో అడగడానికి పిలిచిందట అత్తగారు.

కడిగెయ్యకూడదు. నురగను ఒంటిమీద పది నిమిషాలు ఉంచాలి. గడియారం చూసి ఉంచాలి. అప్పుడుగానీ ఆ మందు క్రిముల్ని చంపదు. వెంటనే కడిగేస్తే వైద్యం కుక్కకు కాదు, మురిక్కాలవకు చేసినట్టు. నేను కిందికి వచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయింది. ఈసారి వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. అనుకున్నట్టు కూడా గుర్తుంది.

రెండోసారి వచ్చినప్పుడు కుక్క ఇంకా మాత్రలు మింగుతూనే ఉంది, అయినా స్లైడు నిండా క్రిములే. చీటీ వెనక 'కల్చర్ తప్పనిసరి' అని రాశాను. అంటే పొక్కులోని చీమును ల్యాబుకు పంపి, ఏ మందుకు ఆ క్రిమి చస్తుందో తేల్చుకోవడం. మా ఆయన ఆ చీటీ పట్టుకుని నా గదిలోకొచ్చాడు. "కల్చరంటే ఐదు రోజులు. వాళ్ళకు దురద ఈరోజు తగ్గాలి. తెల్లమాత్ర పెంచితే సరి. నువ్వు పుస్తకం చూసి చెప్తావు, నేను మనిషిని చూసి చెప్తాను." దురద తగ్గుతుంది, నిజమే. ఆ తెల్లమాత్ర ఒంట్లోని కాపలావాళ్ళను కూడా నిద్రపుచ్చుతుంది, క్రిములకు తలుపులు బార్లా తెరిచిపెడుతుంది. ఇదంతా నా నాలుక చివరిదాకా వచ్చింది. రబ్బరు తీసుకుని, నేను రాసింది నేనే చెరిపేశాను. ఆయన చెరపలేదు. ఇది స్పష్టంగా చెప్పాలి.

మూడోసారి కుక్క వీపు కూడా అక్కడక్కడ బోడిబారింది. మా ఆయన ముక్కు చిట్లించాడు. కార్లలో వచ్చేవాళ్ళను ఆయన మీరు అంటాడు.

"ఏమ్మా, సరిగ్గా స్నానం చేయిస్తున్నావా? షాపులో, ఆ గుడ్డపీలికల మధ్య పడేస్తే ఎలా తగ్గుతుంది? శుభ్రం ఉండద్దూ?"

"చేయిస్తున్నానండీ. రోజూ చేయిస్తున్నాను."

ఆయన నా వైపు తిరిగాడు. "ఎలా చేయించాలో నువ్వు వివరంగా చెప్పావుగా?"

బయట బెంచీ మీద నలుగురు కూర్చుని వింటున్నారు. నేను తలూపాను.

ఒక్కసారే. పైకీ కిందికీ. ఆవిడ నా తల వంక చూసి, తర్వాత తన చేతులు చూసుకుంది. "చెప్పే ఉంటారులెండి. నేనే మర్చిపోయుంటాను" అంది. ఆ చేతులు రోజూ మందునీళ్ళలో నాని, వేళ్ళ దగ్గర పగిలిపోయి ఉన్నాయి. ఇంట్లో ఉప్పు కనపడకపోయినా, చొక్కా గుండీ ఊడినా, అందరూ నా వైపే చూస్తారు. అప్పుడు మెడ ఎలా వంగుతుందో నాకు తెలుసు. ఆవిడ మెడ అలాగే వంగింది. వంచింది నేను.

ఆ తర్వాత నెలరోజులు ఆ తలూపు నన్ను వదల్లేదు. అంట్లు తోముతుంటే గుర్తొచ్చేది. అద్దం ముందు తల దువ్వుకోవడానికి కూడా మనసొప్పేది కాదు. పోనీ ఫోను చేసి చెప్పేద్దామా? చెబితే మా ఆయన మాట పోతుంది. ఆ మాట మీదే ఆసుపత్రి నడుస్తోంది. ఇలా నాకు నేను చెప్పుకున్నాను. అసలు భయం అది కాదు. "మీరూ డాక్టరేనా?" అని ఆవిడ అడుగుతుందేమోనని.

ఇప్పుడు ఇది నాలుగోసారి. నేను స్లైడు చూస్తుండగా బెల్లు రెండుసార్లు మోగింది. లోపలి గదిలోకి వెళ్ళాను. దొరగారు బల్లమీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి తోకతో రెండు దెబ్బలు కొట్టాడు.

"ఇంజెక్షన్ సిద్ధం చెయ్యి" అన్నాడు మా ఆయన.

"ఏ ఇంజెక్షన్?"

"శాశ్వతంగా నిద్రపుచ్చేది. ఈవిడే అడుగుతోంది."

ఆవిడ గోడవైపు చూస్తూ మాట్లాడింది. "షాపు ఇంటాయన ఖాళీ చెయ్యమన్నాడమ్మా. గజ్జికుక్క పక్కన కుట్టిన బట్టలు ఎవరేసుకుంటారని అందరూ అంటున్నారు. రాత్రంతా గోక్కుంటుంది. నాకు చేతకాలేదమ్మా. నా చేతులే మంచివి కావేమో. ఇంకెవరింట్లోనన్నా పుట్టుంటే ఈపాటికి బాగుపడేది."

"పెంచేవాళ్ళే వద్దంటే మనమేం చేస్తాం" అన్నాడు మా ఆయన. కాగితం మీద సంతకం చేసే చోటు ఆవిడకు వేలితో చూపించాడు.

ఆ మందుండే బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. తాళం నా జేబులో ఉంది. నా వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి కూడా. పదకొండేళ్ళ అలవాటు, చెప్పింది చెయ్యడం. రెండడుగులు వేశాను. అప్పుడు ఆవిడ పెన్ను అందుకుంది. పగిలిన వేళ్ళతో పట్టు దొరక్క పెన్ను జారి కిందపడింది. నేను వంగి తీశాను. ఆవిడకు ఇవ్వలేదు.

"అక్కా, సంతకం పెట్టకు."

మా ఆయన తలెత్తాడు.

"ఆ నురగ పది నిమిషాలు ఉంచాలి. నేను నీకు చెప్పలేదు. కడిగెయ్యాలా అని నువ్వడిగితే ఆఁ అన్నాను. పోయినసారి, చెప్పానని తలూపాను. అబద్ధం. ఆ మాత్రలు పనిచెయ్యడం లేదని కూడా నాకు తెలుసు. రెండు నెలల్నుంచీ తెలుసు. ఇది గజ్జి కాదు, ఎవరికీ అంటుకునే మురికి కాదు. నీ చేతుల తప్పేం లేదు."

"ఏం మాట్లాడుతున్నావ్? బయట జనం ఉన్నారు" అన్నాడు మా ఆయన, పళ్ళ మధ్య నుంచి.

"పోయినసారీ ఉన్నారండీ."

ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే తేలికయ్యేది. "అయితే బతుకుతాడా?" అంది. అంతే అడిగింది. నా మొహం కాలిపోయింది.

"బతుకుతాడు. టైము పడుతుంది. తెల్లమాత్ర మెల్లగా తగ్గించి ఆపాలి. అసలీ పుళ్ళు ఎందుకు మొదలయ్యాయో వెతకాలి. ముందు చీము ల్యాబుకు పంపుతాను. ఇది గజ్జి కాదని షాపు ఇంటాయనకు రాసిస్తాను."

దొరగారిని ఎత్తుకుని నా గదిలోకి తెచ్చాము, ఆవిడా నేనూ చెరో పక్క పట్టుకుని. కొత్త సూదితో చిట్లని పొక్కు ఒకటి విప్పి, దూది పుల్లతో చీము తీసి, గొట్టంలో పెట్టి మూత బిగించాను. ల్యాబు కాగితం మీద డాక్టరు పేరు రాసే చోట, ఆవిడకు ఇవ్వని ఆ పెన్నుతోనే నా పేరు రాశాను. డాక్టరుగా నా రిజిస్ట్రేషన్ నంబరు గుర్తుంటుందో లేదోననుకున్నాను. ఉంది.

తర్వాత దొరగారిని తొట్టిలో నిలబెట్టి తడిపి, షాంపూ పోసి, మెడ నుంచి తోకదాకా నురగ పట్టించాను. ఆవిడ చెయ్యి పెట్టబోతే వద్దని, స్టూలు మీద కూర్చోబెట్టాను. గోడ గడియారం చూపించి, "ముల్లు ఎక్కడుందో చూడు" అన్నాను.

సిగ్గు పోలేదు. చెప్పేస్తే పోతుందంటారు. నా ఒంటిమీద ఇంకా అలాగే ఉంది, నురగలా చల్లగా. దొరగారు విదిలించుకోకుండా రెండు చేతులతో పట్టుకున్నాను.

బెల్లు రెండుసార్లు మోగింది.

ఆవిడ కంగారుగా లేచింది. "పిలుస్తున్నట్టున్నారమ్మా. వెళ్ళిరండి, నేను పట్టుకుంటాను."

కాసేపటికి బెల్లు ఒకసారి మోగింది. తర్వాత మళ్ళీ రెండుసార్లు. పైనుంచి దిగుతున్న అడుగులు మెట్లమీద వినిపించి ఆగిపోయాయి.

"కూర్చో అక్కా" అన్నాను. "ఇంకా ఆరు నిమిషాలుంది."