సగం మందు

కిష్టారెడ్డిపేటలో ముత్యమ్మ మతిమందు ఇచ్చేది. వయసు పైబడి సొంతవాళ్ల పేర్లు మరిచిపోయేవారిని, పొయ్యిమీద ఎసరు పెట్టి మరిచేవారిని ఆమె అరుగుమీదికి తీసుకువచ్చేవారు. రెండు ఆకులు నూరి, ఆవునెయ్యిలో కలిపి, నాలుకమీద రాసేది. అందులో ఒకటి సరస్వతి ఆకని ఊరందరికీ తెలుసు. రెండోదేమిటో ముత్యమ్మకు మాత్రమే తెలుసు.

ఆ ఇంటి కట్టుబాట్లు కఠినమైనవి. రెండో ఆకు పేరు నోట పలకకూడదు. అత్త తన చివరిరోజుల్లో కోడలిని ఆ ఆకు మొలిచే చోటికి తీసుకుపోయి, చెయ్యి పట్టి మొక్కను తాకించాలి. కూతురికి చూపకూడదు, ఆమె పరాయి ఇంటిది గనుక. కోడలు తనంత తాను అడగకూడదు, అడిగితే అత్త చావు కోరినట్టు. మందిచ్చే చెయ్యి ఆ మందు తినకూడదు. ఇన్ని నియమాలు పెట్టినవారిలో ఒక్కరైనా, చూపవలసిన మనిషికే మతి తప్పితే ఏం చేయాలో ఆలోచించలేదు.

ముత్యమ్మకు మతి తప్పసాగింది.

మొదట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. తర్వాత మేకలను తీసుకుపోయి పక్కవాళ్ల కొట్టంలో కట్టేసి వచ్చింది. బావి దగ్గర ఆడవాళ్లు నవ్వారు.

"మతిమందు ఇచ్చేటామెకే మతి లేకపాయె! ఎంకమ్మా, జెర మీ అత్తకు గూడ నాకిపియ్యరాదె?" అన్నది మల్లమ్మ.

కోడలు ఎంకమ్మ చేద లాగింది. మల్లమ్మ ఎగతాళికి అన్న మాటే ఆమెకు మిగిలిన ఒకే ఒక దారి. ఆ మందు అత్తకు పెట్టాలి. అందుకు ఇంకో చెయ్యి కావాలి. ఆ చెయ్యి తనదే. కానీ రెండో ఆకు తనకు తెలియదు.

ఆ రోజే రామచంద్రాపురం కాలనీ నుంచి హైమావతి మందు కోసం వచ్చింది. భర్తకు ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం దొరికి గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆమె తల్లికి మరపు ముదిరింది. పోయినసారి మందు పడ్డాక ఆ ముసలామె మనవరాలిని పేరు పెట్టి పిలిచిందట. అది మందు గుణమో, ఆ పూట గుణమో తేల్చి చెప్పగలవారు లేరు.

"మీ అత్తగారికి నువ్వే పెట్టొచ్చు కదమ్మా?" అంది హైమావతి.

"నాకు తెల్వదమ్మా."

"ఇన్నేళ్ల నుంచీ పక్కనే ఉన్నావు, ఏ ఆకో తెలీదా?"

"వాగొడ్డుకెల్లి కొంగుల ముడేసుకొని తెస్తది. నూరేటప్పుడు నన్ను బయటికి పొమ్మంటది."

"అయితే అడుగు! నోరు లేదా నీకు?"

"అడిగితే సావు కోరినట్టమ్మా."

"ఇదెక్కడి చోద్యమే తల్లీ!" అంటూ హైమావతి ఒట్టి చేతులతో వెళ్లిపోయింది.

పొద్దు వాలకముందే ఎంకమ్మ భర్త సంగయ్య పని నుంచి వచ్చాడు. వాగు పక్కన కొత్తగా వస్తున్న ఫ్యాక్టరీకి ప్రహరీగోడ కట్టే పని అతనిది.

"బుల్డోజరొచ్చింది. రేపు వాగొడ్డు మొత్తం సదును జేస్తరట," అన్నాడు.

కాగితాల్లో ఆ ఒడ్డు బంజరు. అక్కడ ఏం మొలుస్తుందో చూడడానికి ఎవరూ రాలేదు. కట్టేది మందుల ఫ్యాక్టరీ.

ఎంకమ్మ అత్త మంచం దగ్గర కూర్చుంది. "అత్తా, నాకు సూపియ్యి. జల్దీ. రేపటికి గా జాగ ఉండదు."

ముత్యమ్మ ఆమెను తేరిపార చూసింది. "నన్ను సంపుతవా ఏందే?" అని నవ్వింది. "పా. ఎప్పుడన్న సూపియ్యాల్సిందే గద."

దారిలో ఆమె కాలు ఒక్కచోట కూడా తడబడలేదు. కొత్త గోడ చుట్టూ తిరిగి, సరస్వతి ఆకు పరుచుకున్న తడినేల దాటి, ఒక గుబురు ముందు వంగింది. చెయ్యి లోపలికి పోయింది. ఎంకమ్మ తన చెయ్యి చాచింది.

అత్త తల తిప్పి చూసింది.

"ఎవరి పిల్లవే నువ్వు?"

"నేనత్తా, ఎంకిని. నీ కోడలిని."

"నా కోడలు ఇంటికాడ ఉన్నది." గుబురులోంచి చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది. "గిది పరాయోళ్లకు సూపియ్యొద్దు. మా అత్త ఒట్టేయించుకున్నది. పో బిడ్డా, ఇంటికి పో."

ఎంకమ్మ సంగయ్య పేరు చెప్పింది. మెడలోని పుస్తెలు చూపింది. చివరికి కాళ్లు పట్టుకుంది. ముత్యమ్మకు కొడుకు పేరు పోయింది, కోడలి ముఖం పోయింది. ఒట్టు మాత్రం పోలేదు.

ఎంకమ్మ ఆ గుబురులో చేతికందిన ప్రతి మొక్కనూ పెరికి తెచ్చి పెరట్లో నాటింది. రోజూ అత్తను వాటి ముందు కూర్చోబెట్టేది. ముత్యమ్మ వేరెవరి పెరడో చూసినట్టు చూసి లేచిపోయేది. కొన్ని మొక్కలు వాడిపోయాయి, కొన్ని ఏపుగా పెరిగాయి. వాటిలో ఏది మందో, ఏది విషమో తెలియక, ఒక్క ఆకైనా ఆ నాలుకమీద పెట్టే ధైర్యం ఎంకమ్మకు చాలలేదు. వాగొడ్డు ఎర్రమట్టితో చదునై గోడ లోపలికి పోయింది.

హైమావతి మళ్లీ వచ్చింది. ఎంకమ్మ ఆమె తల్లి కోసం సరస్వతి ఆకు ఒక్కటే నూరసాగింది. మంచంమీద పడుకున్న ముత్యమ్మ వాసన పట్టి లేచి కూర్చుంది.

"ఏయ్ పిల్లా, గది సగం మందే. కడమ సగమేది?"

"నీకాడనే ఉన్నదత్తా."

"నాకాడనా?"

ముత్యమ్మ కొంగు ముడి విప్పి చూసింది. దులిపింది. మళ్లీ ముడి వేసుకుంది. మళ్లీ విప్పింది.