మోకలో ఆగిన చుక్క

శ్రుతి చదివే పుస్తకాల్లో ఎప్పుడూ ఏదో ఒక ఊరు పాడుబడే ఉండేది. ఒకదాంట్లో తాగే నీళ్లకు చీట్లు, ఇంకోదాంట్లో పిల్లలకు పేర్లే ఉండవు, అంకెలు. పదహారేళ్ల పిల్ల, పీయూసీ మొదటి సంవత్సరం. కాలేజీ నుంచి రాగానే వంటింటి గడప మీద కూర్చుని, ఆ ఇంగ్లీషు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చదివినంత మేరకు తల్లికి తెలుగులో చెప్పేది. సౌభాగ్య ఆదోనిలో పదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు కూడబలుక్కోవాల్సిందే. కానీ కథంటే చెవి కోసుకుంటుంది.

"ఈ ఊర్లో ప్రతి ఇంట్లోనూ ఒక మనిషిని సర్కారు రహస్యంగా పెట్టుకోనుంటాది మా," అంది శ్రుతి ఆ సోమవారం. "ఎవరేం మాట్లాడినారు, ఎవరు యాడికి పోయినారు, అన్నీ ఆ మనిషి సాయంత్రానికి రాసియ్యాల. ఆ మనిషి ఎవరో ఇంట్లోవాళ్లకు తెలీదు. ఈ పిల్లేమో అన్న మీద అనుమానపడతాది. తర్వాత తాత మీద."

చపాతీ ఒత్తుతున్న సౌభాగ్య చెయ్యి ఆగింది. "ఎవరంట చివరికి?"

"అంతదూరం చదవలేదు."

చపాతీ గుండ్రంగా రాలేదు. సౌభాగ్య దాన్ని మళ్లీ ముద్ద చేసింది.

ఆమె ఫోన్లో ఒక నీలం చుక్క ఉంది. ఆ చుక్క శ్రుతి. కూతురి ఫోను ఎక్కడుంటే చుక్క అక్కడ కనిపిస్తుంది. పిల్లకు తెలియకుండా ఆ ఏర్పాటు చేయించింది భర్త గురునాథ్. బళ్లారిలో, బెంగళూరు రోడ్డు మీద స్టీలు సామాన్ల అంగడి వాళ్లది. గిరాకీ వదిలి మాటిమాటికీ ఫోను చూసుకోవడం కుదరదని ఆ పని భార్యకు అప్పజెప్పాడు. మధ్యాహ్నం ఒకసారి, ట్యూషన్ వేళకు ఒకసారి చూసి "ఉండాది" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టాలి. ఎనిమిది నెలలుగా పెడుతూనే ఉంది, ట్యూషన్ వేళ చాలాసార్లు చుక్కను చూడకుండానే. పిల్ల క్షేమం కోసమే కదా అనుకుంది. ఆ రోజు దాకా దానికి ఇంకో పేరుంటుందని ఆమెకు తోచలేదు.

ఇదంతా వినూత వల్ల వచ్చింది. వినూత గురునాథ్ అన్న రాజగోపాలయ్య కూతురు. ఏడాది కిందట దేశనూరు ఈరేష్‌ను రిజిస్టర్ పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఈరేష్ లగేజీ ఆటో తోలేవాడు, అంగళ్లకు సరుకు దింపేవాడు. కులం వేరు. కనబడితే ఇద్దరినీ బతకనివ్వనని రాజగోపాలయ్య నడింట్లో నిలబడి అన్నాడు. కోపంలో ఎవరైనా అంటారులే అనుకున్నారు అందరూ. వారం తిరక్కముందే ఇద్దరు మనుషులు దేశనూరు పోయి ఈరేష్ వాళ్లన్న కాలు విరగ్గొట్టి వచ్చారు. బండి మీద నుంచి పడ్డాడని ఆసుపత్రిలో రాయించారు. ఆ తర్వాత వాళ్లింట్లో వినూత పేరు ఎత్తినవాళ్లు లేరు. వెతకడం మాత్రం ఆగలేదు.

"ఎందుకే ఇట్లాంటి పుస్తకాలు? మంచివి దొరకవా?" అని సౌభాగ్య అడిగింది. గొంతు మామూలుగా ఉండేలా జాగ్రత్తపడింది.

శ్రుతి పుస్తకం మూసింది. "మా క్లాసులో అందరమూ ఇవే చదువుతాం మా. భయమైతాది, కానీ బాగుంటాది. మాకు ఈడ కూడా భయమే. దేనికని అడిగితే చెప్పేకి రాదు. పెద్దోళ్లేమో, మీకేం తక్కువ, సుమ్నె నోరు మూసుకోని చదువుకోండి అంటారు. ఆ పుస్తకంలోనైతే పిల్ల భయపడేది నిజమే అయ్యుంటాది. దానికి పిచ్చి అని ఎవరూ అనరు."

సౌభాగ్య ఇంకో చపాతీ పెనం మీద వేసింది. మరునాడు చుక్కను చూసేటప్పుడు తలుపు గడియ పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలియలేదు.

బేస్తవారం మూడున్నరకు ఫోను తెరిచి చూస్తే చుక్క ట్యూషన్ దగ్గర లేదు. ఊరు దాటి, మోక అనే పల్లె దారిలో కదులుతోంది. బస్సు వేగం. సౌభాగ్య మంచం అంచున కూర్చుని చూస్తూ ఉండిపోయింది. చుక్క మోకలో ఆగింది. సందులోకి మెల్లగా నడిచి, ఒకచోట నిలిచిపోయింది.

ఎవడో పిల్లగాడు ఉన్నాడనుకుంది మొదట. ఆ ఆలోచన వెనకే బావగారి ముఖం, దేశనూరులో విరిగిన కాలు గుర్తొచ్చాయి.

ఫోను మోగింది. గురునాథ్.

"మెసేజ్ పెట్టలేదేంది? చూసినావా?"

"చూసినా. ట్యూషన్లోనే ఉండాది."

పద్దెనిమిదేళ్ల కాపురంలో అతనితో ఇంత నున్నగా అబద్ధం ఆడింది అదే మొదలు. చీర మార్చుకోకుండానే చెప్పులేసుకుని బస్టాండుకు పోయింది.

మోక బస్సులో ముప్పావు గంట. పక్కనామె మిరపకాయల ధర గురించి చెబుతుంటే తలూపింది, ఒక్క ముక్కా ఎక్కలేదు. దిగాక ఫోను చేతిలో పట్టుకుని, చుక్క ఎటుంటే అటు నడిచింది. పిండి గిర్ని వెనక ఇరుకు సందు. రేకుల ఇల్లు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల నుంచి శ్రుతి గొంతు వినిపించింది. ఏదో చదువుతోంది, మధ్యలో తెలుగు చేసి చెబుతోంది. తనకు వంటింట్లో చెప్పే తీరే.

సౌభాగ్య తలుపు తట్టింది.

గొంతు తెగినట్టు ఆగిపోయింది. లోపల ఏదో గిన్నె దొర్లింది. తర్వాత ఊపిరి కూడా తీయనంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వింటుంటే సౌభాగ్యకు అర్థమైంది. లోపలివాళ్లు ఇలాంటి తట్టుడు కోసం చాలా రోజులుగా భయపడుతూ ఉన్నారు.

"నేనేనే, శ్రుతీ. అమ్మను."

తలుపు సందులో కూతురి ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. దాని వెనక, గోడకు ఆనుకుని, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని వినూత. ఏడో నెల కాబోలు. రెండో చేతిలో కూరగాయలు తరిగే చెక్క ఉంది. అడ్డం పెట్టుకోడానికి దొరికింది అదే.

"చిన్నమ్మా," అంది వినూత. చెక్క కింద పెట్టి ఏడ్చింది.

శ్రుతి ఏడవలేదు. "ఎట్ల తెలిసింది మా నీకు, నేను ఈడున్న్యానని?"

చెప్పకుండా తప్పించుకోవచ్చు. ఎవరో చూసి చెప్పారనొచ్చు. సౌభాగ్య ఫోను తిప్పి చూపించింది. పల్లెటూరి సందుల గీతల మధ్య నీలం చుక్క.

శ్రుతి దాన్ని చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఒక్క అడుగు సౌభాగ్యకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

"నువ్వా? ఇట్లాంటి పని చేస్తే నాయనే చేస్తాడనుకున్యా."

"నాయనే పెట్టించినాడు. చూసేది నేను. అంతా నీ మంచికే అని..."

"మంచికే," అంది వినూత కళ్లు తుడుచుకుంటూ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నాకూ అట్లనే చెప్పేవాళ్లు చిన్నమ్మా. నేనూ దాని వయసులో ఈ పుస్తకాలే చదివినా. దానికి ఇచ్చింది కూడా నేనే. ఆ కథల్లో కాపలాను కాపలా అనే అంటారు. మన ఇంట్లో దాన్ని ప్రేమ అంటారు. ప్రేమ అన్న్యాక ఎదురు తిరిగేదెట్ల?"

అంటూనే ఆమెకు ఏదో తట్టింది. ముఖంలో రంగు మారింది. "చిన్నమ్మా, ఈ చుక్క చిన్నాయన ఫోన్లో కూడా కనపడతాదా?"

సౌభాగ్య చేతిలోని ఫోనును చూసింది. కనపడుతుంది. తను చూసిందే అతనూ చూడగలడు. కూతురికి ఏమవుతుందోనన్న గాబరాలో ఇంకో పిల్ల ప్రాణానికి దారి గీసి ఉందన్న సంగతి ఆలోచించనే లేదు.

"శ్రుతీ, ఫోను ఆపు. బేగ ఆపు."

శ్రుతి ఫోను ఆపేలోగా సౌభాగ్య ఫోను మోగింది.

"పాప మోకలో ఏం చేస్తాంది?" గురునాథ్ గొంతు చాలా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"నేను కూడా మోకలోనే ఉన్న్యా. మన దుర్గక్కకు కాలు వాచిందంటే చూసిపోదామని వచ్చినాం." దుర్గక్క వాళ్లింట్లో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి. ఇప్పుడు మోకలో కూతురి దగ్గర ఉంటోంది. ఆ పేరు నోటికి ఎలా వచ్చిందో సౌభాగ్యకు తెలియదు.

అటువైపు అంగట్లో గిన్నెలు తగిలిన చప్పుడు.

"పోయిన బేస్తవారం కూడా మోకలోనే ఉన్న్యట్ల చూపిస్తాందే. అంతకుముందుది కూడా."

చుక్క పాత దారులను కూడా దాచిపెట్టుకుంటుందని ఆమెకు తెలియదు.

"అన్న ఈడే ఉన్నాడు," అన్నాడు గురునాథ్ ఇంకా మెల్లగా. "నా పక్కనే."

హెచ్చరిస్తున్నాడా, బెదిరిస్తున్నాడా? పద్దెనిమిదేళ్లు కలిసి బతికిన మనిషి గొంతే, ఆమె పోల్చుకోలేకపోయింది.

"ఆయన ముందర ఏమీ అనొద్దు. నీకు దండం పెడతా. ఇంటికొచ్చి చెప్తా."

ఫోను తెగిపోయింది.

తర్వాత అరగంట ఎలా గడిచిందో చెప్పలేరు ఎవరూ. వినూత ఈరేష్‌కు కబురు పెట్టింది. అతను ఆటో తీసుకుని వచ్చాడు. రెండు సంచుల బట్టలు, ఆసుపత్రి కాగితాలు, బియ్యం డబ్బా ఎక్కించాడు. గ్యాస్ పొయ్యి వదిలేశారు. సందు చివర ఏ బండి చప్పుడైనా నలుగురూ ఒకేసారి తల తిప్పేవారు. ఈరేష్ ఏదో ఊరి పేరు చెప్పబోతే సౌభాగ్య చెయ్యెత్తి ఆపింది.

"యాడికి పోతారో నాకు చెప్పొద్దప్పా. పాపకూ చెప్పొద్దు. మాకు తెలీకపోతేనే మీకు మేలు."

ఆటో కదిలేటప్పుడు వినూత ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. సౌభాగ్య చెయ్యి కూడా అంతే.

తిరుగు బస్సులో శ్రుతి కిటికీ పక్కన కూర్చుంది. తల్లి పక్కన కూర్చుంటే జరగలేదు, దగ్గరకూ రాలేదు. బళ్లారి దీపాలు కనిపించాక మాత్రం అంది. "నాలుగు నెలలుగా పోతాండా మా. అక్కకు బయట తిరిగే ధైర్యం లేదు. పగలంతా ఒక్కతే ఉంటాది. చదివి చెప్పేదాన్ని."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు ఎవరికి చెప్తావో తెలీదు కదా."

సౌభాగ్య ఒళ్లో ఉన్న ఫోనును బోర్లించింది.

ఇంటి ముందర రాజగోపాలయ్య చెప్పులున్నాయి.

తల్లీ కూతుళ్లిద్దరూ ఆ చెప్పులను చూస్తూ ఒక్క క్షణం నిలబడిపోయారు. శ్రుతి చెయ్యి తల్లి కొంగును వెతుక్కుని పట్టుకుంది. లోపల హాల్లో అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. గురునాథ్ తలెత్తలేదు.

"రా సౌభాగ్యా," అన్నాడు రాజగోపాలయ్య. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, అదే భయం. "తమ్ముడు ఫోన్లో మోక అన్న్యాడు. ఏంది సంగతి అంటే సరిగ్గా చెప్పడు. మోకలో మనకు ఎవరున్నారు?"

సౌభాగ్య గురునాథ్ వైపు చూసింది. ఆ మనిషి చేతిలో ఇప్పుడు ఒక పిల్ల, ఆమె కడుపులో బిడ్డ, ఈరేష్ ప్రాణం ఉన్నాయి. మూడు బేస్తవారాల దారి అతని జేబులో ఉంది. తీసి చూపిస్తే చాలు.

గురునాథ్ తలెత్తాడు.

"దుర్గక్క ఉండాది కదన్నా. కాలు వాచిందంట. నేనే పొమ్మన్న్యా. పోయిన వారం కూడా పాపతో మందు పంపించినా."

రాజగోపాలయ్య తమ్ముణ్ణి చూశాడు. తర్వాత చాలాసేపు శ్రుతిని చూశాడు.

"హౌదా, పాపా?"

"ఔను పెద్దనాయనా," అంది శ్రుతి. కొంగు మాత్రం వదల్లేదు.

ఆయన లేచాడు. మజ్జిగ ఇస్తే వద్దన్నాడు. చెప్పుల చప్పుడు మెట్లు దిగి వీధిలో కలిసేదాకా ఎవరూ కదల్లేదు.

గురునాథ్ ఫోను తీసి కూతురి చేతిలో పెట్టాడు. "అదెట్ల తీసేయాలో నువ్వే తీసెయ్. నాకు చేతకాదు." తర్వాత భార్యతో అన్నాడు. "నేనేమీ అడగను. నువ్వూ చెప్పొద్దు. ఆయప్ప నాకు అన్న. ఈ పొద్దు ఆ పక్కన కూర్చున్న్యంతసేపూ నాకు చెమట ఆరలేదు." గోడ వైపు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

అయినా భయం ఇంటినుంచి పోలేదు. రాజగోపాలయ్య నమ్మాడో లేదో తెలియదు. శుక్రవారం గడిచింది, శనివారం గడిచింది. వీధిలో బండి ఆగితే శ్రుతి కిటికీ రెక్క మూసేది.

ఆదివారం పొద్దున దుర్గక్క వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, కుంటుతూ మెట్లెక్కింది. కాలికి పసుపు రాసిన గుడ్డ కట్టు. ఆ ముసలామెకు కబురు పెట్టాలన్న సంగతి ఈ మూడు రోజుల్లో ఎవరికీ తట్టలేదు.

"నిన్న ఇద్దరొచ్చినారమ్మా మా ఇంటికి," అంది దుర్గక్క గడపలో కూలబడి. "పెద్దయ్య మనుషులు. నీకు కాలు వాచిందంట, సౌభాగ్యమ్మ చూసేకి వచ్చిందా, పాప మందు తెచ్చిందా అని అడిగినారు. నేను వాకిట్లో కసువు ఊడుస్తాంటి. వాళ్ల మొకాలు చూసినా. ఇది మంచికి అడిగేది కాదని తెలిసిపోయింది."

"ఏమన్న్యావు దుర్గక్కా?"

"వచ్చిందప్పా, పండ్లు తెచ్చింది, పాప మందు తెచ్చింది అన్న్యా. మందు రాయబట్టే ఇంత నడుస్తాండా, లేకుంటే లేసేదానికే కాకుండె అన్న్యా. సందులన్నీ తిరిగొచ్చి, గిర్ని వెనక రేకుల ఇల్లు ఎవరిది, బీగం వేసుంది అనిరి. ఎవరో గుల్బర్గా దిక్కు కూలోళ్లు, సుగ్గి కోతలు అయిపోయినాక పోయినారు అంటి." కాలికున్న గుడ్డ సర్దుకుంది. "కాలికేమీ లేదు, వాళ్లు మళ్లీ వచ్చి చూస్తారేమోనని కట్టుకున్న్యా. దీంతో పడుకోవాలంటే గూడ బాధగా ఉండాది."

సౌభాగ్య ఆమె పాదాల దగ్గర కూర్చుండిపోయింది. ఇరవై ఏళ్లు తమ అంట్లు తోమిన చేతులను పట్టుకుంది.

"ఆ పిల్లను గిర్ని వెనక ఒకసారి చూసినా, ఎవరికీ చెప్పలేదు. ఏ నెల?" అడిగింది దుర్గక్క, ఎవరూ వినకుండా.

జవాబు చెప్పింది శ్రుతి. లోపల నుంచి ఎప్పుడొచ్చిందో, తల్లిని ఆనుకుని కూర్చుంది. "ఏడు. తొమ్మిదో నెలలో ఎవరుంటారో అక్కకు తోడు."

ముగ్గురూ వీధి వాకిలి వైపు చూశారు. సౌభాగ్య లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.