పండుగ మెయిళ్ల ఫైలు

మా చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసుకు ఈమెయిల్ వచ్చి రెండేళ్లయినా మేనేజర్ మార్కండేయ సారుది ఒకటే నమ్మకం, కాగితం మీదికి ఎక్కనిది మెయిలే కాదని. మెయిల్ పెట్టె నిండగానే ముఖ్యమైనవి నాతో ప్రింటు తీయించి, మిగిలినవన్నీ తుడిచేసేవాడు. ఏది ముఖ్యమో ఆయనే చెప్పాలి. ఓనరు పంపిన దసరా శుభాకాంక్షలు ముఖ్యం. ఓనరు మనవడి పుట్టెంట్రుకల పిలుపు ఇంకా ముఖ్యం, రంగుల్లో రెండు కాపీలు. కంప్యూటర్ ఆపరేటర్ని కాబట్టి తీసేవాణ్ణి. మెయిళ్లు దాచేది రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికని అనుకునేవాణ్ణి, పిచ్చివాణ్ణి.

ఆ ఫిబ్రవరిలో రామకోటేశ్వరరావు గారు వచ్చారు. బోధన్ పక్కన, నిజాంసాగర్ కాలువ కింద చెరకు వేసిన రైతు. చెరకు కొట్టి ఫ్యాక్టరీకి తోలడానికి కోత పర్మిట్ ఎప్పుడిస్తారని అడిగితే, హైదరాబాదు హెడ్డాఫీసు మెయిల్‌ను సారే తెర మీద చూపించాడు. మార్చి మొదట్లో ఆయన చెరకు తోటే కొట్టాలని ఉంది. ఆ మాట నమ్మి ఆయన, చెరకు కొంటామని వచ్చిన బెల్లం బట్టీవాళ్లను వెనక్కి పంపేశారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. సారు ఓనరు బంధువుల చెరకంతా ఆడించి సీజన్ మూసేశాడు. రామకోటేశ్వరరావు గారి తోట నిలువునా ఎండి, గడలు బెండు పడ్డాయి.

"మీరే గదండీ చూపించింది? ఆ మెయిల్ ఒక్క కాగితం తీసివ్వండి. హైదరాబాదు వెళ్లి అడుక్కుంటాను," అన్నారాయన.

"గా మెయిల్ ఇంకేడుంది రావుగారూ? జాగ నిండింది, కొట్టేసిన," అన్నాడు సారు చాయ్ ఊదుకుంటూ. "హెడ్డాఫీసోళ్లు గూడ దాచరు."

"నేను గూడ సూసిన సార్," అన్నాను.

"నువ్వు సూస్తే ఏందిరా? కాగితం ఉన్నదా?"

రామకోటేశ్వరరావు గారు లేచి బీరువాలోంచి ఒక ఫైలు లాగారు. దీపావళి ప్రమిద బొమ్మ. ఇంకొకటి లాగారు. పుట్టెంట్రుకలు. రెండూ తీసినచోటే పెట్టి, "ఇవి దాచారన్నమాట," అని వెళ్లిపోయారు. వాటికి దారం కట్టిన నా చేతుల మీద నాకే రోత పుట్టింది.

ఆ వారంలోనే ఆయన తన తోటకు తానే నిప్పు పెట్టుకున్నారు. చెరకు మసి గాలికి లేచి మా ఆఫీసులోకి కొట్టుకొచ్చింది. సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కిటికీలు మూయించాడు. తర్వాత హెడ్డాఫీసుకు నాతో మెయిల్ కొట్టించాడు, ఈ సీజన్లో రైతుల నుంచి ఫిర్యాదులేమీ లేవని.

"గిది ముఖ్యమైంది. రెండు కాపీలు తీసి ఫైల్ల పెట్టు. పదేండ్లయినా ఉండాలె."

ప్రింటర్ మీద వాలిన మసి తెల్లకాగితం మీదికి రాలింది. ఊదబోయి ఆగాను. ఆ మసి కాగితంలోకి ఇంకేలా అరచేత్తో గట్టిగా రుద్ది, ఫైల్లో పెట్టి దారం కట్టాను.

పదేళ్లూ ఉండనీ.